మల్లమ్మ కొండ నుంచి గోల్ఫ్ విల్లా దాకా: మదనపల్లె సీమలో విడిది ఇళ్ల చరిత్ర

ఎండాకాలంలో ఊరు విడిచి, చల్లని చోట కట్టుకున్న ఇంట్లో కొన్నాళ్లు గడిపి రావడమనే అలవాటు తెలుగు నేల మీద ముఖ్యంగా రెండు చోట్ల స్థిరపడింది. ఒకటి సముద్రపు గాలి తగిలే వాల్తేరు, భీమునిపట్నం మిట్టలు. రెండోది సముద్రానికి చాలా దూరంగా, రాయలసీమ దక్షిణపు కొసన మైసూరు పీఠభూమికి ఆనుకుని ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమ. సముద్రతీరంలో గోల్ఫ్ మైదానం, దాని అంచున విల్లా, వంటకీ వడ్డనకీ మనుషులు, నాలుగు రోజుల సెలవు. ఇప్పటి ఈ విలాసపు విడిది దేశదేశాల్లో ఒకే అచ్చులో కనిపిస్తుంది. దాని వెనక కొండ బంగ్లా, దొరల క్లబ్బు, జమీందారు మహలు, సర్కారు అతిథి గృహం అనే మెట్లున్నాయి. ఆ మెట్లన్నీ ఒక్క ప్రాంతంలోనే చూడదలిస్తే మదనపల్లె సీమ కంటే మంచి చోటు దొరకదు.

మొదట చెప్పవలసింది ఇక్కడి ఎత్తు గురించి. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 695 మీటర్ల ఎత్తున ఉంది. పుంగనూరు, కుప్పం కూడా ఇదే పీఠభూమి మీదివి. కడప, రాజంపేట వైపు నుంచి వచ్చేవారికి ఘాట్లు ఎక్కగానే గాలి మారినట్టు తెలిసిపోతుంది. మదనపల్లెకు వాయవ్యంగా ఉన్న కొండల వరుస మరో రెండు వేల అడుగులు లేచి, మొత్తం మీద 4,000 అడుగుల పైచిలుకు ఎత్తుకు చేరుతుంది. స్థానికులు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అన్నారు. కొండ మీద ఒంటరిగా ఉండే మల్లమ్మకు ఏనుగులు ఆహారం తెచ్చి పెట్టేవని జనం చెప్పుకునే కథ. మల్లమ్మ గుడి ఇప్పటికీ కొండ మీద ఉంది. దొరలు రాకముందే ఆ కొండకు పేరూ దేవతా మొక్కులూ ఉన్నాయన్న సంగతిని విహార పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. విడిది చరిత్రలో అది ముందు వరసలో ఉండాల్సిన విషయం.

1800లో నిజాం, మదనపల్లె కూడా చేరిన దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, వాటికి ముఖ్య కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. మదనపల్లెలో ఆయనకో పూరింటి బస ఉండేదని చెబుతారు. అప్పటి కలెక్టరు కొలువంతా తిరుగుడే. జమాబందికి, అంటే ఏటా శిస్తు లెక్క తేల్చడానికి, తాలూకా తాలూకాకూ డేరాలు మోయించుకుంటూ పోవాలి. ఊరు చేరగానే కట్టెలు, నీళ్లు, గుర్రాలకు గడ్డి, కోళ్లు, గుడ్లు సమకూర్చే బరువు గ్రామ సేవకుల మీద పడేది. వెట్టి అనే మాటకు జనం నోట ఉన్న చేదులో ఈ క్యాంపుల వాటా తక్కువది కాదు. తర్వాత దారుల వెంట లేచిన ట్రావెలర్స్ బంగ్లాలు ఈ క్యాంపుకే ఇటుకలతో, సున్నంతో ఇచ్చిన రూపం. ఎత్తయిన పైకప్పు, చుట్టూ వరండా, దూరంగా విడిగా వంటిల్లు, వెనక నౌకర్ల గదులు, ఒక కాపలాదారు. ఇప్పటి విల్లా నమూనా గీసినవారికి తెలిసినా తెలియకపోయినా, ఆ అమరికలో సగం ఈ బంగ్లాల నుంచి వచ్చిందే.

ఆ రోజుల్లో మదనపల్లె కడప జిల్లాలోది. చిత్తూరు జిల్లా 1911లో గానీ ఏర్పడలేదు. అందువల్ల ఈ కొండ మీద కన్ను పడింది కడప కలెక్టరుకు. డబ్ల్యూ.డి. హార్స్‌లీ అనే ఆ అధికారి 1870 ప్రాంతంలో కొండ మీద వేసవి బంగ్లా కట్టించుకున్నాడు. కడప ఎండ ఎంతటిదో ఎరిగిన వారికి కారణం వివరించనక్కర్లేదు. అప్పటికి మద్రాసు రాజధానిలో ఇదొక ఒరవడి. నీలగిరుల్లో జాన్ సల్లివన్ 1820లలోనే రాతి ఇల్లు కట్టి ఉదకమండలానికి పునాది వేశాడు. మైసూరు కమిషనరు మార్క్ కబ్బన్ నంది కొండ మీద బంగ్లాలో వేసవి గడిపేవాడు. బళ్లారి సీమలో రామన్‌దుర్గం జబ్బుపడ్డ తెల్ల సిపాయిలకు విశ్రాంతి స్థలమయింది. వాటితో పోలిస్తే హార్స్‌లీ బంగ్లా చిన్నది. దాని చుట్టూ ఊరేదీ పెరగలేదు. బజారూ దండూ లేకుండా అడవి మధ్యన ఇల్లుగానే మిగిలింది. కొండకు మాత్రం అతని పేరు అంటుకుపోయింది. హార్స్‌లీ హిల్స్ అనకుండా మల్లమ్మ కొండ అంటే ఇవాళ బస్సు కండక్టరు ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

ఆ బంగ్లా కట్టిన కొద్ది ఏళ్లకే 1876–78 కరువు వచ్చింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి జనం దాన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధానిలో దత్తమండలాలు దాని దెబ్బకు చితికిపోయాయి. కడప జిల్లా ఆ వరసలో ముందుంది. రోడ్లు, చెరువుల సహాయ పనుల్లో ఎముకల గూళ్లలాంటి మనుషులు రాళ్లు మోశారు. కొండ మీది చల్లదనాన్ని గురించి రాసేటప్పుడు కొండ కింది ఈ కాలాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. అప్పట్లో దేశమంతటా కొండ విడిదులకు దొరల కుటుంబాలు డోలీల్లోనూ గుర్రాల మీదా ఎక్కేవి. సామాను కూలీల తలల మీద వచ్చేది. రోజుకూలి దొరికితే చాలనుకునే రైతుకూలీ భుజం లేకుండా ఏ కొండ బంగ్లాలోనూ పియానో మోగలేదు, పింగాణీ పళ్లెం వడ్డనకు రాలేదు.

పుంగనూరులో విలాస నివాసానికి వేరే వంశవృక్షం ఉంది. అక్కడి జమీందారులు కోలారు దగ్గర సుగటూరు నుంచి వచ్చిన పాలెగాళ్ల కుటుంబం వారు. వాళ్ల ప్యాలెస్ ఊరికి ఇప్పటికీ గుర్తు. దొర బంగ్లా ఊరికి దూరంగా, జనానికి అందకుండా ఉండాలని కోరుకుంటే, జమీందారు మహలు ఊరి నడుమ, కళ్లెదుట ఉండాలని కోరుకుంది. సుగటూరు గంగమ్మ ఆ కుటుంబానికి ఇలవేల్పు. ఏటా జాతరకు అమ్మవారు ప్యాలెస్ ఆవరణలోనే కొలువుతీరుతుంది. అప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి, కర్ణాటక వైపు నుంచి కూడా వేల మంది ఆ గోడల లోపలికి వస్తారు. మిగతా ఏడాది మూసి ఉండే తలుపులు మొక్కుబడి ఉన్న ఏ కూలిమనిషికైనా తెరుచుకునే రోజులవి. 1948లో వచ్చిన మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది గానీ జాతర ఆగలేదు. సొంతదారుడి విలాసపు ఇంటిలో జనానికి ఇంతటి హక్కు స్థిరపడిన ఉదాహరణలు చాలా తక్కువ. పుంగనూరు పేరు దేశమంతా వినిపించేది మాత్రం పొట్టి ఆవు వల్ల. మనిషి నడుము ఎత్తు కూడా దాటని, వెన్న శాతం ఎక్కువగా ఉండే పాలిచ్చే ఆ ఆవు ఒకప్పుడు మెట్టరైతు కొట్టంలోది. ఇవాళ నగరాల శివార్లలోని విల్లాల పచ్చికల మీద అలంకారంగా కనిపిస్తోంది.

1890ల మొదట్లో పాకాల–ధర్మవరం మీటర్ గేజి లైను పడింది. ఊరికి కొంత దూరంగా మదనపల్లె రోడ్డు స్టేషన్ వెలిసింది. కుప్పానికి అంతకు చాలా ముందే, 1864లో పూర్తయిన జోలార్‌పేట–బెంగళూరు లైను మీద స్టేషన్ దక్కింది. రైలు వచ్చాక విశ్రాంతికి ఈ సీమకు వచ్చే మనుషుల తీరు మారింది. కలెక్టరు ఒక్కడే వచ్చే చోటికి మిషనరీలు, దివ్యజ్ఞాన సమాజం వారు, పంతుళ్లు, రోగులు రావడం మొదలైంది.

అనీబిసెంట్ పేరున్న దివ్యజ్ఞాన కళాశాల మదనపల్లెలో 1915లో ఏర్పడింది. 1919 ఫిబ్రవరిలో దక్షిణదేశ యాత్ర చేస్తూ రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చి కొద్ది రోజులు విశ్రాంతి తీసుకున్నాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న మనిషి. విద్యార్థులు కూడి పాటలు పాడుకునే ఒక సాయంత్రం ఠాగూర్ తన జనగణమన పాడి వినిపించాడు. పల్లవి చివర అందరూ గొంతు కలిపారు. మార్గరెట్ ఆ వరసను స్వరాలతో కాగితం మీద పెట్టింది. ఠాగూర్ పాటకు ఇంగ్లీషు అనువాదం అక్కడే చేసి ఇచ్చాడు. మదనపల్లెను ఆయన దక్షిణాది శాంతినికేతనమన్నాడని ఆ ఊరివారు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. నాలుగు రోజులు అలసట తీర్చుకోవడానికి వచ్చిన అతిథి విడిచి వెళ్లిన వస్తువుల్లో ఇంతకంటే విలువైనది ఈ సీమకు మరేదీ దక్కలేదు. మదనపల్లెలోనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1920లలో హార్స్‌లీ కొండల పాదంలోని లోయను బడికి ఎంచుకోవడంతో రిషివ్యాలీ మొదలైంది. కొండ చల్లదనం చదువుకు ఉపయోగపడిన సందర్భమిది.

అదే చల్లదనం రోగులకు ఉపయోగపడిన సందర్భం ఇంకా పెద్దది. క్షయకు మందు లేని రోజుల్లో పొడి గాలి, ఎండ, పుష్టికరమైన తిండి, మంచం మీద విశ్రాంతి, ఇవే వైద్యం. అనేక ప్రొటెస్టెంట్ మిషన్లు కలిసి మదనపల్లె దగ్గర నెలకొల్పిన యూనియన్ మిషన్ క్షయ ఆరోగ్య కేంద్రం 1915లో తలుపులు తెరిచింది. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని దశాబ్దాల పాటు నడిపించాడు. వార్డుల నిర్మాణాన్ని దగ్గరగా గమనిస్తే అది బంగ్లాకు తోబుట్టువని తెలుస్తుంది. పొడవాటి వరండాలు, గాలికి అడ్డులేని ముఖద్వారాలు, చెట్ల మధ్య దూరదూరంగా కుటీరాలు. కాకపోతే వరండాలో పడక కుర్చీ ఉండవలసిన చోట వరసగా మంచాలు. రాత్రీ పగలూ రోగి ఆరుబయటి గాలిలోనే పడుకునేవాడు. నెలల తరబడి, కొందరు ఏళ్ల తరబడి ఉండేవారు. ఇంటికి ఉత్తరం రాయడం, బరువు చూసుకోవడం, పక్క మంచం ఖాళీ కావడం, ఇదీ అక్కడి దినచర్య. దక్షిణాది నలుమూలల నుంచి వచ్చిన ఎందరికో మదనపల్లె అంటే వేసవి విడిది అని తోచలేదు, చివరి ఆశ అని తోచింది.

1948లో దేశంలో బీసీజీ టీకా తొలిసారిగా చేపట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. తర్వాత పదేళ్లకే ఈ తరహా విడిది అవసరం తీరిపోయింది. మద్రాసులో 1956లో మొదలైన క్షయ పరిశోధనలు, మందులు సరిగా వాడితే ఇంటి దగ్గర ఉన్న రోగికీ ఆరోగ్య కేంద్రంలో ఉన్న రోగికీ ఫలితంలో పెద్ద తేడా లేదని 1959లో తేల్చాయి. గాలి మార్పు కోసం కొండలకు పోవాలన్న వైద్య సలహా ప్రపంచమంతటా బలహీనపడటానికి ఆ ఫలితం ఒక ముఖ్య కారణం. ఆరోగ్యవరం సాధారణ ఆసుపత్రిగా మారి నిలబడింది. గాలి మార్పు అనే మాట మాత్రం వైద్యుడి చీటీ దాటి సెలవుల ప్రకటనల్లోకి వలసపోయింది.

ఇక గోల్ఫ్ విషయం. బ్రిటన్ బయట అతి పాత గోల్ఫ్ క్లబ్బుల్లో ఒకటైన కలకత్తా క్లబ్బు 1829 నాటిది. బెంగళూరు క్లబ్బు 1876లో వచ్చింది. మదనపల్లె సీమకు ఈ ఆట అతి దగ్గరగా వచ్చింది కుప్పం వైపున. కుప్పం కంగుంది జమీందారీలోని ఊరు. దాని పొరుగునే కోలారు బంగారు గనులు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ పని చేపట్టాక, ఇంజినీర్ల కోసం పూలతోటల బంగ్లాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం వెలిశాయి. 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఆ చోటికి చిన్న ఇంగ్లండు అని పేరు పడింది. మైదానానికి కొద్ది దూరంలో గనికూలీల తడికెల లైన్లు. నేల కింద వేల అడుగుల లోతున వేడికీ రాతి పేలుళ్లకూ ఎదురొడ్డింది తమిళ, తెలుగు కూలీలు. గని లోపలి దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసేది. గోల్ఫ్ మైదానం అందాన్ని తలుచుకునే పాత జ్ఞాపకాల్లో ఈ లైన్లు చాలా అరుదుగా కనిపిస్తాయి. కుప్పం ప్రాంతంలోని బిసానత్తం గని కూడా ఈ బంగారు వరసలోదే. 2001లో కోలారు గనులు మూతపడటంతో పాటు అదీ మూతపడింది. బంగ్లాలు పాడుబడ్డాయి. కూలీల పిల్లలు ఇప్పటికీ తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి పనికి పోతారు.

స్వాతంత్ర్యం తర్వాత హార్స్‌లీ కొండ మీద జరిగిన మార్పు నెమ్మదిగా జరిగింది, కానీ దాని విలువ గొప్పది. అటవీ శాఖ విశ్రాంతి గృహం, గవర్నర్ బంగ్లా ఉన్న చోట తొలి రోజుల్లో బస దొరకాలంటే అధికారి సిఫారసు కావాలి. మంత్రులు, ఐఏఎస్‌లు, సినిమా వాళ్లు దిగేవారు. 1976లో రాష్ట్ర పర్యాటక సంస్థ ఏర్పడ్డాక ఆ అడ్డు తొలగుతూ వచ్చింది. ఒకప్పుడు పున్నమి పేరుతో, తర్వాత హరిత పేరుతో నడిచిన కాటేజీలు, డార్మిటరీలు, క్యాంటీను కట్టారు. అద్దె కట్టిన ఎవరికైనా గది దొరికింది. మదనపల్లె నుంచి ఆర్టీసీ బస్సు ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ పైదాకా పోతుంది. సంక్రాంతి సెలవుల్లో, ఆదివారాల్లో అనంతపురం, తిరుపతి, బెంగళూరు నుంచి కుటుంబాలు చపాతీలు, పులిహోర కట్టుకుని వస్తాయి. గాలిబండ అనే బండరాయి మీద నిలబడితే చీర కొంగు చేతికి అందదు. పిల్లలు టోపీలు పట్టుకుని కేకలు పెడతారు. సాయంత్రం కాగానే లోయలో ఊళ్ల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఒక కలెక్టరు తన కుటుంబం కోసం ఎంచుకున్న గాలిని, టికెట్ కొనుక్కున్న ప్రతి పంతులూ ప్రతి గుమాస్తా పీల్చుకోగలగడం ఈ నూటయాభై ఏళ్ల కథలో అన్నిటికంటే మంచి మలుపు. గదుల నిర్వహణ మీద ఎన్ని ఫిర్యాదులున్నా ఈ మాట చెప్పి తీరాలి.

గోల్ఫ్ మైదానం చుట్టూ విల్లాలు అనే నమూనా తెలుగు నేల మీద పెద్ద ఎత్తున అడుగుపెట్టింది హైదరాబాదులో. 2000 తర్వాత తొలి ఏళ్లలో ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ దుబాయి కంపెనీ ఎమ్మార్‌తో ఒప్పందం చేసుకుంది. గచ్చిబౌలి, మణికొండ ప్రాంతంలో 500 ఎకరాల పైచిలుకు నేలలో గోల్ఫ్ మైదానం, విల్లాలు, సమావేశ మందిరం అన్నది ప్రణాళిక. బౌల్డర్ హిల్స్ అనే గోల్ఫ్ విల్లాల కాలనీ అలా వచ్చింది. భూమి ధరల మీద వివాదం రేగి 2011లో సీబీఐ విచారణ దాకా పోయింది. తీరంలో విశాఖపట్నానికి సముద్రం పక్కనే ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు ఉంది. రుషికొండ మీద పర్యాటక సంస్థ నడిపిన రిసార్టును 2021లో కూల్చి, ఆ చోట కట్టిన భవనాలు రాష్ట్ర రాజకీయాల్లో పెద్ద చర్చ అయ్యాయి. సముద్రం కనిపించే గుట్ట ఎవరిది, దాని మీద నిద్రపోయే హక్కు ఎవరిది అన్న ప్రశ్నలు అక్కడా లేచాయి.

మదనపల్లె సీమలో గోల్ఫ్ విల్లాలు పుట్టకపోవడానికి కారణం నీళ్లు. పద్దెనిమిది గుంతల గోల్ఫ్ మైదానానికి వంద ఎకరాల పైన నేల కావాలి. ఆ పచ్చిక ఎండల్లోనూ వాడకూడదంటే రోజూ తడపాలి. ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఈ మెట్టసీమలో ఆ నీళ్లు చెరువులోంచో బోరులోంచో రావాలి. ఇక్కడి రైతు వెయ్యి అడుగులు బోరు దించి, దొరికిన సన్నటి ధారను డ్రిప్పు పైపుల్లోంచి టమాటా మొక్క మొదటికి చుక్కచుక్కగా వదులుతాడు. మదనపల్లె టమాటా మార్కెట్ ఆసియాలోనే పెద్ద వాటిల్లో ఒకటిగా పేరు తెచ్చుకున్నది ఆ చుక్కల మీదే. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని మెట్లు మెట్లుగా ఎత్తిపోస్తూ తెచ్చే హంద్రీ–నీవా కాలువ ఈ సీమ వైపు చేరడానికి దశాబ్దాలు పట్టింది. పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువలు దాని తోక చివర ఉన్నాయి. ఆ నీటికి మొదటి హక్కుదారు ఎండిన చెరువూ, బిందె పట్టుకుని నిలబడ్డ ఆడమనిషీ.

అయినా విలాస విడిది ఈ సీమకు మరో దారిన వస్తూనే ఉంది. బెంగళూరు పెరిగిన కొద్దీ దాని శనివారాలు కోలారు దాటి మదనపల్లె, కుప్పం దాకా సాగుతున్నాయి. మామిడి తోటల మధ్య ఫామ్‌హౌస్‌లు, ఈత కొలనున్న చిన్న రిసార్టులు, వారాంతానికి అద్దెకిచ్చే విల్లాలు రోడ్ల వెంట కనిపిస్తున్నాయి. కుప్పం వైపు ఈ కట్టడాలకు ఒక పొరుగు ఉంది. 1980లలో తమిళనాడు అడవుల నుంచి ఏనుగుల మందలు ఈ వైపు తిరిగివచ్చి నిలిచిపోయాయి. వాటి కోసం పలమనేరు, కుప్పం అడవుల్లో కౌండిన్య అభయారణ్యాన్ని 1990లో ప్రకటించారు. కైగల్ జలపాతం చూడటానికి పోయే దారిలోనే వాటి దారీ ఉంది. చెరకు తోటలోకి, అరటి తోటలోకి ఏనుగు వస్తే రైతు టపాకాయలతో, డప్పులతో తెల్లవార్లూ కాపలా కాస్తాడు. కంచెలు, కందకాలు పెరిగి వాటి దారి ఇరుకైన కొద్దీ రైతుకూ ప్రమాదం పెరుగుతుంది, ఏనుగుకూ పెరుగుతుంది.

హార్స్‌లీ కొండ మీద పరిస్థితి కొంత నయం. చుట్టూ రిజర్వు అడవి కావడం వల్ల ఊటీలాగా, నందిలాగా కట్టడాలు వాలుల నిండా పాకలేదు. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప మరెక్కడా కనిపించని పసుపు గొంతు పికిలిపిట్ట ఇక్కడి బండల మధ్య పొదల్లో బతుకుతోంది. దాన్ని చూడటానికే దూరాల నుంచి కెమెరాలు భుజాన వేసుకుని వచ్చేవారున్నారు. 2022లో జిల్లాల పునర్విభజనలో కొండ అన్నమయ్య జిల్లాలోకి వచ్చింది. కొత్త రిసార్టులు, సాహస క్రీడలు, ప్రైవేటు భాగస్వామ్యం అనే ప్రతిపాదనలు ప్రతి ప్రభుత్వ కాలంలోనూ వినిపిస్తున్నాయి. ఆ ప్రతిపాదనలకు మూడు లెక్కలు సరిపోవాలి: వేసవిలో కొండ మీదికి ఎన్ని నీళ్లు చేర్చగలరు, అడవి అంచుకు ఎంత దూరంలో కడతారు, ఆర్టీసీ బస్సులో వచ్చే కుటుంబానికి అందే ధరలో ఎన్ని గదులు మిగులుతాయి.